గార్లు తీసే ఆయన

ఆయన మీద ఒక వ్యాసం వచ్చిందనీ, మీరు బాగా ఎరిగినవారు కాబట్టి కాస్త సరిచూడమనీ నాకు కబురు పెట్టారు. తెరిచి చూశాను. మొదటి వాక్యంలోనే రెండు గార్లు ఉన్నాయి. రెండో వాక్యంలో "ఎమ్మిగనూరు ముద్దుబిడ్డ" ఉంది. చివరి వాక్యంలో "పరమపదించారు" ఉంది. రాసింది మాతో పాటు పనిచేసే ఒక కుర్రాడు. ఆయన్ని ఎప్పుడూ కలవలేదు, ఫోన్లో మాట్లాడి ఉంటాడు అంతే. మంచి మనసుతో రాశాడు. ఆయన బతికుంటే ఆ మంచి మనసును టీ చల్లారేలోపు ఖాళీ చేసేవారు.

తెలియని వాళ్ళ కోసం చెప్తాను. ఇంటర్నెట్లో తెలుగులో ఒక విజ్ఞాన సర్వస్వం ఉంది. దాంట్లో ఎవరైనా రాయొచ్చు, ఎవరు రాసినదాన్ని ఇంకెవరైనా దిద్దొచ్చు. జీతం లేదు, పేరు రాదు. రాసే ప్రతి విషయానికీ అచ్చులో వచ్చిన ఆధారం చూపించాలి, దాన్ని మేం మూలం అంటాం. ఇంకో నియమం ఉంది. వ్యాసంలో ఎవరికీ గారు ఉండదు, ఎవరికీ బహువచనం ఉండదు. పుట్టాడు, చదివాడు, మరణించాడు. ఆడవాళ్ళయితే పుట్టింది, చదివింది, మరణించింది. మంత్రయినా అంతే, సన్యాసయినా అంతే. ఈ రెండు నియమాలనూ పట్టుకొని, ఎమ్మిగనూరు బస్టాండు దగ్గర ఒక చిన్న కొట్లో కూర్చొని, ఏళ్ళ తరబడి ఎక్కడెక్కడి పుటలనో దిద్దిన మనిషి ఆయన. ఇక్కడ మాత్రం నేను ఆయన్ని "వచ్చారు, పోయారు" అనే రాస్తున్నాను. ఇది విజ్ఞాన సర్వస్వం కాదు గనుక నన్నెవరూ దిద్దరు.

ఆ కబురు వచ్చిన మర్నాడే ఎమ్మిగనూరు వెళ్ళాను. వదిన, అంటే ఆయన భార్య, నన్ను గడప దగ్గరే ఆపి అడిగింది.

"దాంట్లో ఆయప్ప గురించి యేసినారంట గదప్పా. నాకు సూపియ్యి."

ఇల్లంతా చుట్టాలున్నారు. ఈసారి వచ్చినప్పుడు తీరిగ్గా చూపిస్తానన్నాను. ఆమెకు ఉన్నది బొత్తాల ఫోను, దాంట్లో ఇవేవీ రావు. ఆ వ్యాసం ఉంచాలా తీసేయాలా అని అప్పటికే చర్చ నడుస్తోందనీ, తీసే అధికారం ఉన్న కొద్దిమంది నిర్వాహకుల్లో నేనూ ఒకణ్ణనీ ఆమెకు తెలియదు. నేనూ చెప్పలేదు.

నాది ఆదోని. ఒక జిన్నింగు మిల్లు ఆఫీసులో పని. పత్తి వచ్చే నెలల్లో ఊపిరాడదు, మిగతా నెలల్లో ఊపిరి పీల్చడం తప్ప వేరే పనుండదు. అలాంటి ఒక ఖాళీ ఎండాకాలంలో మా ఊరి గురించిన పుట చూసి, ఇంత పెద్ద ఊరికి ఇంత చిన్న పుటేమిటని నేనే కూర్చొని రాశాను. "పత్తి వ్యాపారంలో దక్షిణ భారతానికే తలమానికమైన సుప్రసిద్ధ పట్టణం" అని మొదలుపెట్టాను. మర్నాడు చూస్తే "పత్తి వ్యాపారం జరిగే పట్టణం" అని ఉంది. నా పేరుకు ఒక సందేశం కూడా ఉంది. "నమస్కారమండీ. తలమానికం అని ఎవరన్నారు?"

ఒళ్ళు మండింది. అందరూ అంటారండీ అని జవాబిచ్చాను. ఆ అందరిలో ఒకరి పేరు, వారి పుస్తకం పేరు, పుట సంఖ్య ఇస్తే తిరిగి పెడదామన్నారు. నేను ఇచ్చుకోలేకపోయాను. ఇలా కొన్నాళ్ళు కొట్లాడుకున్నాక తెలిసింది ఆయనది ఎమ్మిగనూరని. అప్పటిదాకా ఎవరో హైదరాబాదులో చల్లటి గదిలో కూర్చున్న ప్రొఫెసరు అనుకున్నాను. తగువేదో ఎదురుగానే తేల్చుకుందామని బస్సెక్కాను.

బస్టాండు వెనక సందులో కొట్టు, దాని వెనకే ఇల్లు. ఒక జిరాక్సు మిషను, ఒక కంప్యూటరు, రెండు కుర్చీలు. పెళ్ళిపత్రికలు, ఫ్లెక్సీలు చేయబడును అని బయట బోర్డు. లోపల సన్నగా ఉన్న ఒకాయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకొని ఒక శ్రద్ధాంజలి ఫ్లెక్సీకి అక్షరాలు కొడుతున్నారు. తెర మీద "కీర్తిశేషులు శ్రీ" అని మొదలై, పేరొచ్చి, "గారు" అని ముగిసి, కింద "మీ ఆశయాలే మాకు ఆదర్శం" అని ఉంది. నేను పేరు చెప్పగానే లేచి నిలబడ్డారు. నాకన్నా బాగా పెద్దవారు.

"రాండప్పా, కూసోండి. తలమానికం మీరేనా?"

తగువు అక్కడితో చచ్చిపోయింది. టీ తెప్పించారు. తాగుతూ ఆ ఫ్లెక్సీ వైపు చూపించి, ఇదేమిటన్నా, ఇక్కడ గార్లు అతికిస్తారు, అక్కడ గార్లు పీకుతారు అన్నాను. ఆయన నవ్వలేదు. ఇది గిరాకీ చెప్పినట్టు రాసేది, అది ఎవరి కోసమూ కాదు అన్నారు. ఆ జవాబు నాకు అప్పుడు అర్థం కాలేదు. అన్నా అని పిలవడం మాత్రం ఆ రోజే మొదలైంది. ఆయన మాత్రం నన్ను చివరి దాకా మీరు అనే అన్నారు. జిరాక్సుకు వచ్చే బడిపిల్లల్ని కూడా మీరు అనేవారు. వాళ్ళు వెనక్కి తిరిగి ఇంకెవరైనా వచ్చారేమోనని చూసుకునేవారు.

ఆయనది మగ్గాల ఇల్లు. అన్నదమ్ములు నేశారు. ఈయన మాత్రం కాళ్ళు పట్టేస్తాయని వంక పెట్టి చిన్నప్పుడే మగ్గం గుంటలోంచి లేచి వచ్చేశారట. అయినా మాటలు మాత్రం మగ్గం దగ్గరివే. అత్యంత, మహోన్నత, విశేష సేవలందించిన, వన్నె తెచ్చిన, ఇలాంటివన్నీ ఆయన లెక్కలో జరీ. "జరీ తియ్యండప్పా, నూలెంతుందో సూద్దాం" అనేవారు. నేను రాసిన చాలా వ్యాసాల్లో జరీ తీస్తే నూలు మిగిలేది కాదు.

చదివేటప్పుడు మాట కింద గోరుతో గీసే అలవాటు ఉండేది. పేపరు మీదా గీసేవారు, లైబ్రరీ పుస్తకం మీదా గీసేవారు, కంప్యూటరు తెర మీదా గీసేవారు. గీసి, ఆ మాటను తనలో తాను రెండుసార్లు అనుకొని, "ఎవురన్నారు?" అనేవారు. ఆ ప్రశ్న పుటల దగ్గర ఆగలేదు. టీ కొట్టాయన సాయంత్రం వానొస్తుందంటే ఎవురన్నారు. పత్తికొండలో టమాటా ధర పడిపోయిందని ఎవరైనా అంటే, సూసినారా ఇన్నారా. ఊళ్ళో ఆయనతో మాట్లాడటానికి కొంచెం ధైర్యం కావాల్సివచ్చేది.

వదిన ఒకసారి నాతో చెప్పింది, పెళ్ళిచూపులప్పుడు పిల్లకు వంట బాగా వచ్చని వాళ్ళ నాన్న అంటే, ఈయన తలెత్తి "ఎవురు తిని సెప్పినారు?" అని అడిగారట. సంబంధం తప్పిపోవాల్సిందట. ఆమె నవ్వుతూ చెప్తుంటే ఆయన పక్కనే కూర్చొని విన్నారు.

"దానికి మూలం ల్యా" అని కళ్ళద్దాలు కిందికి లాక్కున్నారు.

ఇంత జాగ్రత్త మనిషి కూడా ఒక తప్పు చేశారు, అదీ గార్ల దగ్గరే. ఆదోని బజార్ల మీద ఎవరో పొడుగాటి వ్యాసం రాశారు. అందులో ప్రతి అంగడి యజమానికీ గారు ఉంది. ఒక్కొక్కటీ తీస్తూ కూర్చుంటే తెల్లారుతుందని, గారు ఉన్న ప్రతి చోటా దాన్ని ఒక్కసారిగా ఎత్తేయమని కంప్యూటరుకు చెప్పారు. చెప్పినట్టే అది ఎత్తేసింది. బంగారు అంగళ్ళు బం అంగళ్ళయ్యాయి. బంగారు గాజులు బం గాజులయ్యాయి. ధర పెరిగితే జనం కంగారు పడతారని ఉన్నచోట జనం కం పడ్డారు. నేను మిల్లులో కూర్చొని చదివి ఒక్కణ్ణే నవ్వుతుంటే, తూకానికి వచ్చిన డ్రైవర్లు నన్ను అదోలా చూశారు. వెంటనే చెప్పలేదు, ఎప్పటికి కనిపెడతారో చూద్దామని ఊరుకున్నాను. సాయంత్రానికి ఆ వ్యాసం గురించి మాట్లాడుకునే చర్చాపుటలో ఆయన రాత కనిపించింది. "బంగారు నా వలన పోయింది. వెతికి తెస్తున్నాను. కంగారు కూడా పోయింది. అదీ తెస్తాను."

ఆయన అది హాస్యానికి రాయలేదు. జరిగింది రాశారు. ఆ తర్వాత కొన్నాళ్ళు మేమంతా ఆయనకు పంపే సందేశాలు "బం" అని మొదలుపెట్టేవాళ్ళం. ఆయన ఎప్పట్లాగే నమస్కారమండీ అని జవాబిచ్చేవారు.

గారు తీయడం అన్ని రోజులూ ఇంత నవ్వులాటగా సాగలేదు. ఎమ్మిగనూరు పక్క పల్లెలో ఒక పెద్ద పంతులు ఉండేవారు. నేతగాళ్ళ పిల్లల్ని సాయంత్రాలు ఇంటికి పిలిచి ఊరికే చదువు చెప్పినాయన. ఆయన మీద అచ్చులో చాలా వచ్చింది కాబట్టి వ్యాసం నిలబడింది. రాసింది మా అన్నే, ప్రతి వాక్యానికీ మూలం పెట్టి. పంతులు కాలం చేసినప్పుడు కొడుకు వచ్చి ఫ్లెక్సీ ఈ కొట్లోనే కొట్టించుకుపోయాడు. అదే రోజు వ్యాసంలో చివరి వాక్యంగా "మరణించాడు" అని చేరింది. ఎవరో ఫోన్లో చూపించారు. ఆ కొడుకు ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకొని వచ్చాడు. నేను కొట్లోనే ఉన్నాను. గడప ఎక్కకుండా కిందనే నిలబడ్డాడు.

"మా నాయన నీకేమన్నా గొర్లు కాసినాడా? పుట్టినాడు, సచ్చినాడు అని రాస్తావా? ఫ్లెక్సీలో గారు పెట్టిందీ నువ్వే, ఈడ తీసిందీ నువ్వే."

ఆయన లేచి, లోపలికి రమ్మన్నారు. అతను రాలేదు. అక్కడ అందరికీ ఒకటే పీట అనీ, పెద్దపెద్ద వాళ్ళ పుటలు కూడా ఇట్లాగే ఉంటాయనీ చెప్పి చూశారు. అతను వినలేదు. వెంట వచ్చినవాళ్ళలో ఒకడు జిరాక్సు మిషను వైపు చూడటం మొదలుపెట్టాడు. నాకు భయమేసింది. ఆయన కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకున్నారు.

"ఇప్పుడే మీరు ఏమన్నారప్పా? మా నాయన గొర్లు కాసినాడా అన్నారు. కాసినారా అనల్యా. మర్యాద ల్యాక కాదు గదా. మీవాడు కాబట్టి అట్ల అన్నారు."

 అతను నెమ్మదిగా అన్నాడు. "నేను కొడుకును. నువ్వెవురు?"

ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు.  వదిన లోపల్నుంచి మజ్జిగ తెచ్చి అందరికీ ఇచ్చింది, వాళ్ళు తాగి వెళ్ళిపోయారు. ఆ తర్వాత కొన్ని వారాలు ఎవరో పేరు లేకుండా వచ్చి ఆ పుటలో గార్లు పెట్టడం, ఈయన తీయడం నడిచింది. చివరికి పెట్టేవాళ్ళకు విసుగొచ్చింది. మరుసటేడు ఆ కొడుకే కూతురి పెళ్ళిపత్రికకు వచ్చి, మా నాయన పేరు వెనక గారు మర్చిపోవద్దని రెండుసార్లు చెప్పాడట. ఆ గారు మిగతా అక్షరాలకన్నా కొంచెం లావుగా కొట్టానని ఆయనే నాకు చెప్పారు.

నాతో కూడా ఒకసారి చెడింది. మా అమ్మది ఆలూరు వైపు పల్లె. ఆ పల్లె పుటలో నేను ఒక వాక్యం రాశాను, ఊరు మొదట వంకకు, అంటే వాగుకు, అవతల ఉండేదనీ, జబ్బులొచ్చి జనం పోతుంటే ఇవతలికి మారిందనీ. అమ్మకు వాళ్ళ అవ్వ చెప్పిన మాట. ఆయన తీసేశారు. ఫోను చేసి, మా అమ్మ చెప్పిందన్నా అన్నాను. అమ్మ అబద్ధం చెప్పిందని నేననడం లేదు, అమ్మ అచ్చులో లేదు, అంతే అన్నారు. ఫోను పెట్టేశాను. చాలా రోజులు మాట్లాడలేదు.

ఒక మధ్యాహ్నం మిల్లు గేటు దగ్గర ఎవరో వచ్చారని వాచ్‌మన్ చెప్పాడు. వెళ్ళి చూస్తే ఆయన. పత్తి దుమ్ముకు ముక్కుకు రుమాలు కట్టుకొని నిలబడ్డారు. ఆ వాక్యం కోసం కర్నూలు లైబ్రరీకి వెళ్ళారట, పాత పుస్తకాలు తిరగేశారట, ఆలూరులో ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళను అడిగి ఎక్కడైనా రాసి ఉందేమో కనుక్కున్నారట.

"దొరకల్యాదప్పా. సెప్పిపోదామని వచ్చినా."

ఫోన్లో చెప్తే సరిపోయేది కదన్నా అన్నాను. ఇది ఫోన్లో చెప్పే సంగతి కాదన్నారు. గేటు పక్క బడ్డీలో టీ తాగి, అమ్మగారు ఎట్లున్నారని అడిగి, బస్సెక్కి వెళ్ళిపోయారు. అమ్మగారు అనే అడిగారు. నేను అప్పుడు గమనించలేదు, బస్సు వెళ్ళాక గమనించాను.

ఆయన పోయిన కబురు కూడా ఆ మిల్లులో ఉండగానే వచ్చింది. పత్తి లారీలు రోడ్డు దాకా వరసలో నిలబడి ఉన్నాయి. పక్క కొట్టాయన ఫోను చేసి, అన్న కుర్చీలోనే ఒరిగిపోయినాడప్పా, ఆస్పత్రికి తీసుకుపోయేలోపే అయిపోయిందని చెప్పాడు. నేను సరే అన్నాను. సరే అని, ముందున్న చీటీ మీద సంతకం పెట్టాను, దాని వెనక చీటీ మీదా పెట్టాను. మధ్యాహ్నం అన్నం కూడా తిన్నాను. మిల్లులో అడిగిన వాళ్ళకు మాకు తెలిసినాయన ఒకరు పోయారు, ఎమ్మిగనూరు వెళ్ళాలి అని చెప్పాను. గొంతు మామూలుగానే ఉంది.

కొట్టు ముందు ఫ్లెక్సీ కట్టారు. వేరే కొట్లో కొట్టించినట్టున్నారు. ఫోటో బాగానే ఉంది. కీర్తిశేషులు ఉంది, శ్రీ ఉంది, గారు ఉంది. శ్రద్ధాంజలిలో ఒత్తు తప్పు పడింది, దకు కింద ద పెట్టారు. ఆయన్ని మోసుకుపోతుంటే నేను ఆ ఒత్తు వైపే చూస్తూ నిలబడ్డాను. ఏడుపు రాలేదు. వస్తుందేమోనని ఎదురుచూశాను, రాలేదు. తిరుగు బస్సులో మంత్రాలయం నుంచి వచ్చే యాత్రికులు ప్రసాదం పెట్టారు, పుచ్చుకొని తిన్నాను.

తర్వాత ఆ వ్యాసం ముందు కూర్చోవలసి వచ్చింది. ఆదివారం పొద్దున కూర్చున్నాను. గార్లు తీశాను, ఒక్కొక్కటీ చేత్తోనే తీశాను. ముద్దుబిడ్డ తీశాను. "అంతర్జాల తెలుగుకు ధ్రువతార" అని ఒకటుంది, అదీ తీశాను. జరీ మొత్తం పోయింది. "జన్మించారు"ను "జన్మించాడు" చేశాను, "నడిపారు"ను "నడిపాడు" చేశాను. పరమపదించారు దగ్గర కాసేపు ఆగాను. నువ్వెవురు అన్న మాట గుర్తొచ్చింది. నేను ఆయనకు కొడుకును కాదు, తమ్ముణ్ణి కాదు, ఆ కులం కూడా కాదు. బతికినన్నాళ్ళూ ఆయన ముందు ఒక్కసారి కూడా నువ్వు అనలేదు. అయినా వేళ్ళు వాటి పని అవి చేశాయి. "మరణించాడు" అని పడింది. భద్రపరిచాను. ఏమీ అనిపించలేదు, అనిపించనందుకు కూడా ఏమీ అనిపించలేదు.

ఇక మూలాలు. జిల్లా పేపర్లో ఒక చిన్న ముక్క వచ్చింది, జిరాక్సు దుకాణం యజమాని గుండెపోటుతో మృతి అని. అంతకు మించి ఆయన గురించి ఎక్కడా ఒక్క అక్షరం అచ్చు కాలేదు. ఒక మనిషి మీద వ్యాసం నిలబడాలంటే ఆ మనిషి గురించి బయటివాళ్ళు వివరంగా రాసి ఉండాలి. అది మా నియమం, మా అందరికన్నా గట్టిగా ఆయన పట్టుకున్న నియమం. చర్చలో ఉంచుదామన్న వాళ్ళూ ఉన్నారు. మనకోసం ఇంత చేసిన మనిషికి ఒక పుట ఇవ్వలేమా అని ఆ కుర్రాడు రాశాడు.  నాకు మాత్రం ఆ వాక్యానికి మూలం లేదని తోచింది. ఎక్కువమంది తీసేయాలనే అన్నారు. గడువు అయింది. ముగించాల్సింది నేనేనని అందరూ ఎదురుచూశారు.

ఒక పుట తీసేటప్పుడు కంప్యూటరు కారణం అడుగుతుంది. మనం రాయనక్కర్లేదు, వరసగా కొన్ని ఉంటాయి, ఎంచుకోవాలి. ప్రకటన, వేరే చోట నుంచి ఎత్తిరాసినది, ప్రయోగం కోసం రాసినది, ప్రాముఖ్యత లేని వ్యక్తి. నేను ప్రాముఖ్యత లేని వ్యక్తి మీద నొక్కాను. పుట పోయింది.

మర్నాడు దినాలకు ఎమ్మిగనూరు వెళ్ళాను. భోజనాలయ్యాయి, చుట్టాలు ఒక్కొక్కరే బయల్దేరారు. నేను కొట్లోకి వెళ్ళి కూర్చున్నాను. వదిన వచ్చి రెండో కుర్చీలో కూర్చుంది. కొంగుతో తన కళ్ళద్దాలు తుడుచుకొని పెట్టుకుంది.

"ఇప్పుడు సూపియ్యప్పా."

తీసేశారు వదినా అన్నాను. ఎవరు అంది. నేనే అన్నాను. ఆమె నా వైపు చూడలేదు. మూలాలు లేవనీ, పేపర్లో వచ్చింది చాలదనీ, నియమం అలా ఉందనీ చెప్పడం మొదలుపెట్టాను. ఆమె మధ్యలోనే ఆపింది.

"అవన్నీ నాకూ తెలుసులేప్పా. ఈ గోడెనకాల కూసోని ఇన్నేండ్లు ఇన్లేదా. ఆయప్పైనా తీసేసేటోడే. అయితే ఒక దినమన్నా ఉంచాల్సింది గదా, నేను సూసేదాకా."

 ఆమె అడిగింది చిన్న కోరిక. ఒక రోజు ఆలస్యంగా నొక్కి ఉంటే ఏ నియమమూ అడ్డుపడేది కాదు. నాకు ఆ ఆలోచనే రాలేదు. ఆ రోజుల్లో నాకు ఏ ఆలోచనా రాలేదు.

తీసేసిన పుటలు కూడా నిర్వాహకులకు కనిపిస్తాయి. ఆ మాట ఆమెకు చెప్పి ఫోను తీశాను. పుట దొరికింది. ఆమె ఫోను అందుకొని దగ్గరగా పెట్టుకొని చూసింది, దూరంగా పెట్టుకొని చూసింది. అక్షరాలు మరీ సన్నగా ఉన్నాయంది. తిరిగి నా చేతికిచ్చి, నువ్వే చదువు, వింటానంది.

చదివాను. అతను ఎమ్మిగనూరులో చేనేత కుటుంబంలో జన్మించారు. బస్టాండు దగ్గర ముద్రణ దుకాణం నడిపారు. విజ్ఞాన సర్వస్వంలో ఎన్నో వ్యాసాలను సరిదిద్దారు. నేను కావాలని అనలేదు. తెర మీద ఒకటి ఉంది, నోట్లోంచి ఒకటి వస్తోంది. ఆమె చెయ్యెత్తింది.

"ఆడ అట్ల ఉందా?"

లేదు వదినా అన్నాను.

"ఉండేదున్నట్ల సదువప్పా."

మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. జన్మించాడు అన్నాను. ఆ మాట బయటికి రావడానికి కొంచెం టైము పట్టింది. నడిపాడు. సరిదిద్దాడు. ఆమె కుర్చీలో కదలకుండా కూర్చొని, ప్రతి వాక్యానికీ తల ఊపుతోంది. బయట ఎవరో జిరాక్సుకు వచ్చి, లోపలికి తొంగిచూసి వెళ్ళిపోయారు. ఇంకొక్క వాక్యమే మిగిలింది. ఇన్ని రోజులూ అందరితో అన్న పోయారు, అన్న లేరు అంటూ తిరిగాను. ఇప్పుడు ఆ వాక్యం నా ముందుంది, వదిన నా ముందుంది. ఫోను ఒళ్ళో పెట్టుకున్నాను, మళ్ళీ తీశాను. ఆమె తొందరపెట్టలేదు. చదివేదాకా అలాగే చూస్తూ కూర్చుంది.

మరణించాడు, అని చదివాను. అప్పుడు పోయాడు మా అన్న.